పది దాటాక మా కోపి ఎందుకు చేదెక్కింది, ఇకపై ఏం మారుతుంది

నమస్కారమండీ. సింగపూర్‌లో మా హాకర్ స్టాల్‌కి, అంటే చిన్న తిండి దుకాణానికి వచ్చే తెలుగువాళ్లు ఈమధ్య రెండు మాటలు పదే పదే చెబుతున్నారు. పొద్దున ఏడింటికి తాగిన కోపి (ఇక్కడి కాఫీని అలాగే అంటారు) బాగుంటోందనీ, పది దాటాక అదే కోపి చేదుగా, కాస్త పుల్లగా ఉంటోందనీ ఒకటి. పార్సిల్ తీసుకెళ్లిన కాయా బన్ను (కాయా అంటే గుడ్లు, కొబ్బరిపాలు, చక్కెరతో వండే జామ్ లాంటిది) ఇల్లు చేరేసరికి ముద్దయిపోతోందని రెండోది. రెండూ నిజమే. తప్పు మాదే. ఎక్కడ జరిగిందో, ఏం మార్చామో చెబుతున్నాం.

ముందు కోపి సంగతి. ఇక్కడి కోపికి రోబస్టా గింజను చక్కెర, మార్జరిన్ వేసి నల్లగా నిగనిగలాడేదాకా వేయిస్తారు. ఆ మాడిన చక్కెర వల్లే రంగు, చిక్కదనం వస్తాయి. మన ఫిల్టర్ కాఫీలో చికోరీ చేసే పని ఇక్కడ అది చేస్తుందనుకోండి. పొడిని బరకగా ఆడించి, తీగ చట్రానికి కుట్టిన పొడవాటి గుడ్డసంచిలో వేస్తాం. మా కొలత లీటరు నీళ్లకి 100 గ్రాముల పొడి. నీళ్లు మరిగాక దించి, అర నిమిషం ఆగి పోస్తే పొడి పొంగి పైకి తేలుతుంది. అప్పుడు అడుగుదాకా కలిపి, సంచిని ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి మారుస్తూ, దిగిన డికాక్షన్‌ని దాని మీదే మళ్లీ పోస్తూ మూడుసార్లు తిప్పాలి. ఐదో నిమిషానికి సంచి బయటికి తీసేయాలి.

ఆ తీసేయడం దగ్గరే తప్పాం. రద్దీలో సంచిని కూజాలోనే ఉంచేశాం. పొడి నానేకొద్దీ మంచి రుచి ముందే దిగిపోయి, చివరికి మిగిలేది వగరూ చేదే. పైగా రెండు లీటర్లు ఒకేసారి దించి, చల్లారకుండా సన్నటి సెగ మీద గంటకు పైగా పెట్టాం. సెగ మీద ఉన్నకొద్దీ వాసన ఆవిరైపోతుంది, కాఫీలోని ఆమ్లాలు విడిపోయి పులుపు తేలుతుంది. మీరు చెప్పిన పులుపు అదే. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. రద్దీ బాగా ఉన్న రోజుల్లో అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి, ఆ రెండో డికాక్షన్‌ని మొదటిదానిలో కలిపాం. పలచగానూ చేదుగానూ ఉన్న కప్పులు అవే. ఆ పని పూర్తిగా మానేశాం.

ఇకపై ఒక్కోసారి లీటరే దించుతాం. ఇరవై నిమిషాల్లో అయిపోకపోతే మిగిలింది పారబోస్తాం. అందుకే తొమ్మిది, పదకొండు మధ్య వచ్చినవాళ్లు కొన్నిసార్లు ఐదారు నిమిషాలు నిలబడాల్సి వస్తుంది. దయచేసి ఓపిక పట్టండి.

సంచిలోనూ లోపం ఉంది. కాఫీ నూనె గుడ్డ పోగుల్లో పట్టేసి కనరు వాసన వస్తుంది, ధార కూడా నెమ్మదిస్తుంది. సబ్బు పెడితే సబ్బు వాసన గుడ్డను వదలదు కాబట్టి వేడినీళ్లతోనే ఉతికి, రాత్రి నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో ఉంచుతున్నాం. కొత్త సంచిని వాడిన పొడితో పావుగంట ఉడికించనిదే కూజా దగ్గరికి తేం, లేకపోతే కప్పులో గంజి వాసన వస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్లకి ఆర్డర్ గురించి ఒక మాట. ఉత్త ‘కోపి’ అంటే గట్టిపాలు, అంటే కండెన్స్‌డ్ మిల్క్ కలిపింది. ‘కోపి ఓ’ పాలు లేని చక్కెర కాఫీ. ‘కోపి సి’లో ఎవాపరేటెడ్ మిల్క్ (తీపి కలపకుండా, నీరు ఇగిర్చి చిక్కబరిచిన డబ్బా పాలు), చక్కెర ఉంటాయి. అది మామూలు పాల కాఫీ అనుకుని కొందరు అడిగి నిరాశపడుతున్నారు. తీపి తగ్గాలంటే ‘సియూ దాయ్’, చిక్కగా కావాలంటే ‘గావ్’, ఐస్ వేయాలంటే ‘పెంగ్’, చక్కెర అసలు వద్దంటే ‘కొసోంగ్’ అని చేర్చండి. ‘ఓ’ అంటే హొక్కియన్ అనే చైనా భాషలో నలుపు, ‘కొసోంగ్’ మలయ్‌లో ఖాళీ. షుగర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ‘కోపి ఓ కొసోంగ్’లో మేం చక్కెర వేయకపోయినా, వేపుడులో గింజకు పట్టింది కొంచెం ఉంటుంది.

ఇక బన్ను. మెత్తబడటానికి అసలు కారణం కాయా. పది గుడ్లకి అర లీటరు చిక్కటి కొబ్బరిపాలు, 450 గ్రాముల చక్కెర, సువాసన కోసం ముడేసిన ఎనిమిది పాండాన్ ఆకులు వేసి, మరుగుతున్న నీళ్ల గిన్నెపైన గంటన్నర కలుపుతూ ఉడికిస్తాం. ఆ చక్కెరలో 100 గ్రాములు విడిగా కరిగించి ఎర్రబడ్డాక పోస్తే చైనాలోని హైనాన్ దీవివాళ్ల పద్ధతి గోధుమరంగు వస్తుంది. వేడి 85 డిగ్రీలు దాటితే గుడ్డు విరిగి పలుకులు కడుతుంది. పని కలిసొస్తుందని ముప్పై గుడ్లు ఒకే గిన్నెలో వేశాం. నడిమి భాగం ఉడికేలోపు అంచులు విరిగాయి. దాన్ని మిక్సీలో తిప్పితే పైకి నునుపుగానే కనిపించింది, కానీ గంట గడిచేసరికి నీరు వదిలింది. ఆ నీరే మీ బన్నులోకి దిగింది. ఇప్పుడు పది గుడ్ల చొప్పున రోజుకి రెండు విడతలు వండుతున్నాం. విరిగితే ఆ విడత అమ్మం.

కాల్చడంలోనూ తొందరపడ్డాం. బన్నును ఇనుప జాలీ మీద రెండువైపులా పైపొర గట్టిపడేదాకా కాల్చి, అడ్డంగా కోసి, ఇరవై సెకన్లు ఆవిరి పోనిచ్చి అప్పుడు కాయా రాయాలి. పొగలు కక్కుతుండగా రాస్తే కాయా పలచబడి లోపలికి ఇంకుతుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నను అర సెంటీమీటరు మందాన కోసి, ముక్కగానే పెడతాం. కొరికినప్పుడు వేడి బన్ను, చల్లటి వెన్న రెండూ పళ్లకి తగలాలి. అందుకే స్టాల్ దగ్గర తింటే ఐదు నిమిషాల్లో తినేయండి.

గుడ్డు తిననివాళ్లు కాయా తీసుకోకండి. మా బన్ను మీద మెరుపు కోసం వేసేది కూడా గుడ్డు పూతే. ఇంతకుముందు అడిగినవాళ్లకే చెప్పేవాళ్లం, అది సరికాదు. ఇప్పుడు బోర్డు మీద రాశాం. గుడ్డు పూత లేని బ్రెడ్డు మీద వెన్న, పంచదార వేసి ఇస్తాం, జాలీ కూడా వేరేది.

వచ్చే నెల నుంచి కోపి ఏదైనా 10 సెంట్లు పెరుగుతుంది. 2024లో లండన్ మార్కెట్‌లో రోబస్టా టన్ను 5000 అమెరికా డాలర్లు దాటింది. ఇన్నాళ్లూ పాత ధరకే ఇచ్చాం, పారబోసే డికాక్షన్ ఖర్చు కూడా తోడయ్యాక ఇక కుదరడం లేదు. బన్ను ధర మార్చడం లేదు.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకొస్తే, తిన్నాక ట్రే మనమే తీసి పెట్టాలని ముందే చెప్పండి. 2021 సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో, అంటే ఇలాంటి స్టాళ్లన్నీ ఒకచోట ఉండే ప్రాంగణాల్లో అది నిబంధన.

పార్సిల్ బన్ను ఇకపై మూడు భాగాలుగా ఇస్తాం. కాల్చి చల్లార్చిన బన్ను కాగితం సంచిలో, కాయా చిన్న డబ్బాలో, వెన్న విడిగా పొట్లంలో. ప్లాస్టిక్ కవర్లోకి మార్చకండి, ఆవిరి పట్టేస్తుంది. ఇంటికెళ్లాక నూనె వేయకుండా పెనం మీద ఒక్కో వైపు నిమిషం వేడిచేసి, కోసి, అప్పుడు కాయా రాసుకోండి. వెన్న మీరు వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టి, చివర్లో తీయండి.