లైసెన్సు తుపాకులు: చూడాల్సింది జిరాక్సులేనా?

సంపాదకుడు గారికి,

పెళ్లి బరాత్‌లో తుపాకీ పేల్చిన ఘటన మీద పోయిన వారం మీరు రాసిన సంపాదకీయం చదివాను. కోపం తగ్గాక జవాబు రాద్దామని ఆగాను. తగ్గలేదు. 'సామాన్యుడి ఇంట్లో తుపాకీ ఎందుకు, ఉన్న లైసెన్సులన్నీ రద్దు చేయండి' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను లైసెన్సు ఉన్నవాణ్ణి. మా నాన్నగారి నుంచి వచ్చిన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ నా దగ్గరుంది.

బరాత్‌లో పేల్చిన ఆ కుర్రాణ్ణి వెనకేసుకు రావడానికి రాస్తున్నానని అనుకోకండి. వేడుకల్లో ఒళ్లు తెలియకుండా కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. నన్నడిగితే ఇది చాలా తక్కువ. గాల్లోకి పేల్చిన తూటా ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి మీద దిగాల్సిందే. అలాంటివాడికి జన్మలో మళ్లీ లైసెన్సు దక్కకూడదు. అదే సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండే తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించినప్పుడు మా లైసెన్సుదారుల్లో కొందరు గగ్గోలు పెట్టారు. తాతల నాటివి ఎలా వదులుకుంటామన్నారు. గోడకు తగిలించుకుని చూసుకోవడానికి మూడోది ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

తుపాకీ పెట్టుకోవడం మన దేశంలో హక్కు కాదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి వింటూ, అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు మన రాజ్యాంగంలో అలాంటి హక్కేమీ లేదని స్పష్టంగానే చెప్పింది. అందుకే మీ సంపాదకీయంలో సగం పేజీ అమెరికా కథ ఎందుకో తెలియలేదు. ప్రభుత్వం నమ్మి ఇచ్చిన అనుమతి ఇది. నమ్మినవాళ్లు అప్పుడప్పుడు వచ్చి చూసుకోవాలి కదా? నా బాధంతా అక్కడే.

నా లైసెన్సు ఎన్నోసార్లు రెన్యూవల్ అయింది. ఇన్నేళ్లలో ఒక్క అధికారి కూడా 'తుపాకీ ఎక్కడ పెడతారు, ఆ బీరువా చూపించండి' అని అడగలేదు. తూటాలు వేరే చోట దాస్తున్నానా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అన్నది ఎవరికీ పట్టలేదు. అడిగేదల్లా ఆధార్, పాన్, చలానా, ఫొటోలు, పొలం పాసుపుస్తకం, అన్నీ మూడేసి సెట్ల జిరాక్సులు. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని ఆయుధాల చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. అయినా పాసుపుస్తకం లేనిదే ఫైలు బల్ల మీద నుంచి లేవదు. తుపాకీ పట్టుకెళ్తే దాని మీద నంబరు, లైసెన్సు పుస్తకంలో నంబరు ఒకటేనా అని చూస్తారు. అంతటితో తనిఖీ అయిపోయినట్టే. పట్టుకున్న మనిషి ఎలా ఉన్నాడో తలెత్తి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

కొత్త చట్టాలేమీ అక్కర్లేదండీ. 2016 ఆయుధాల నిబంధనల్లో భద్రంగా దాచడం గురించి ఉంది, శిక్షణ ఉంది, మానసిక ఆరోగ్యంతో కలిపి డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం ఉంది. పోలీసు నివేదిక 30 రోజుల్లో రావాలనీ ఉంది. కాగితం మీద లేనిదేమీ లేదు. శిక్షణ సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్లలో ఎంతమంది నిజంగా రేంజికి వెళ్లి పేల్చి చూశారో, లోడై ఉందో లేదో తెలియని తుపాకీని ఎలా పట్టుకోవాలో ఎంతమందికి తెలుసో ఒకసారి వాకబు చేయండి. డాక్టరు సర్టిఫికెట్ సంగతి సరేసరి. మనిషిని చూడకుండానే ముద్ర పడే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో నాకంటే మీ విలేకరులకే బాగా తెలుసు.

2019 సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. తిరుగుడు తగ్గిందని నేనూ సంతోషించాను. కానీ ఐదేళ్లలో మనిషి ఎంత మారిపోతాడు! తాగుడు మొదలవ్వచ్చు, అప్పులపాలు కావచ్చు, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ముదరవచ్చు, భార్య పోయి మనసు చెదిరిపోవచ్చు. అలాంటప్పుడు లైసెన్సు ఆపే అధికారం ఆయుధాల చట్టం 17వ సెక్షన్ అధికారులకు ఇస్తోంది. వాడాలంటే ముందు తెలియాలి కదా. బ్రిటన్‌లో అర్జీదారుడి ఆరోగ్యం గురించి అతని సొంత డాక్టరునే అడుగుతారు, ఇంటికొచ్చి తుపాకీ పెట్టే చోటు చూస్తారు. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ఒక దుండగుడు 35 మందిని కాల్చి చంపాక, తుపాకీ ఎందుకో సరైన కారణం చూపాలన్నారు, ప్రతి తుపాకీని నమోదు చేయాలన్నారు, ప్రజల నుంచి ఆరు లక్షలకు పైగా తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకున్నారు. మనకు అంత అక్కర్లేదు. స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ ఏడాదికోసారి చెప్పకుండా వచ్చి బీరువా చూసి వెళ్తే చాలు. నా ఇంటితోనే మొదలుపెట్టమనండి, కాఫీ కూడా ఇస్తాను.

దానికి సిబ్బంది లేరంటారు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే మాత్రం ఎక్కడ లేని సిబ్బందీ పుట్టుకొస్తారు. బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, గతంలో గొడవల్లో ఇరుక్కున్నవాళ్లు ఎవరో చూసి, వాళ్ల తుపాకులు ముందు డిపాజిట్ చేయించాలన్నది ఎన్నికల సంఘం మాట. ఆ పరిశీలన కోసం జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ కూడా ఉంటుంది. జరిగేది వేరు. ఫలానా తేదీలోగా అందరూ తెచ్చి ఇవ్వాలని స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. రౌడీషీటరూ నేనూ ఒకే వరుసలో నిలబడతాం. ఇవ్వడానికి నాకేమీ నామోషీ లేదు. తీరా ఇచ్చాక ఆ తుపాకీని చీటీ కట్టి పాత ఫైళ్ల పక్కన మూలన పడేస్తారు. ఒకసారి తిరిగి తెచ్చుకునేసరికి బ్యారెల్‌కు తుప్పు, కట్టెకు చెదలు. ఫలితాలు వచ్చిన వారానికల్లా తిరిగివ్వాలి. అడిగితే 'స్టేషన్ రైటర్ గారు లీవులో ఉన్నారు' అంటారు. అసెంబ్లీ, పార్లమెంటు, పంచాయతీ, మున్సిపాలిటీ, ఎమ్మెల్సీ... మన దగ్గర కోడ్ లేని కాలం ఏదో ఎవరైనా చెప్పగలరా?

ఇక లెక్కాపత్రం లేని తుపాకుల సంగతి. బీహార్‌లోని ముంగేర్ నుంచి దొంగతనంగా వచ్చిన పిస్తోళ్లనీ, నాటు తపంచాలనీ బల్ల మీద పరిచి పోలీసులు పెట్టే ప్రెస్‌మీట్లు మీ పేపర్లోనే చూస్తుంటాం. వాటికి లైసెన్సు లేదు, కోడ్ లేదు, డిపాజిట్ అంతకన్నా లేదు. సుప్రీంకోర్టు 2023లో తనంతట తాను పట్టించుకున్నదీ ఈ అక్రమ ఆయుధాల బెడదనే. మీ సంపాదకీయంలో వాటి ఊసే లేదు.

అడవి పందుల బాధ పడే రైతు గోడు కూడా లేదు. పంట కాపలాకు మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి చట్టంలో వీలుంది. దాన్ని గాల్లోకి పేల్చి బెదరగొట్టవచ్చు తప్ప అటవీ శాఖ అనుమతి లేకుండా పందిని కొట్టకూడదు. అదీ సబబే. కానీ చిన్న రైతుకు ఆ లైసెన్సు చేతికి రావడం కల్ల. రాత్రంతా మేలుకోలేక చేను చుట్టూ కరెంటు తీగ కడతాడు, తెల్లారేసరికి దానికి పక్క చేను మనిషి బలవుతాడు. ఆ తీగ గురించి ఏ తనిఖీ అధికారీ ఇల్లిల్లూ తిరగడు.

అదే టూ ప్లస్ టూ గన్‌మెన్‌ను చూపించుకుంటూ తిరిగే నాయకుడికైతే రివాల్వర్ లైసెన్సు ఇంటికే నడిచి వస్తుంది. అర్జీలో ప్రాణభయం అని ఉంటుంది. ఫేస్‌బుక్‌లో చూస్తే బర్త్‌డే కేకు పక్కన రివాల్వర్ ఫొటో ఉంటుంది. అది వైరల్ అయితే కేసు, కాకపోతే లైకులు.

ఎవరెవరికి ఏ కారణం మీద లైసెన్సు ఇచ్చారో, ఎన్ని అర్జీలు ఎన్నాళ్లుగా పడి ఉన్నాయో, నిరుడు ఎన్ని ఇళ్లకు వెళ్లి తుపాకీ దాచిన చోటు చూశారో సమాచార హక్కు కింద ఒక్క జిల్లాకైనా అడిగి మీ పత్రికలో వేయండి. పేర్లు అక్కర్లేదు, లెక్కలు చాలు. ఆ తర్వాత అందరి లైసెన్సులూ రద్దు చేయాలని రాస్తే మారుమాట లేకుండా చదువుతాను.

ఈ ఉత్తరం వేస్తే మాత్రం నా పేరూ ఊరూ తీసేయండి. ఇంట్లో తుపాకీ ఉందని దొంగలకు చిరునామాతో సహా చెప్పలేను.

— ఒక లైసెన్సుదారు