బీకాం చదువులో బిల్లుల కట్ట ఎక్కడ?

సంపాదకుడు గారికి,

డిగ్రీ కళాశాలల్లో బీకాం విద్యార్థుల చేత చేయిస్తున్న ప్రాజెక్టులు, ప్రాక్టికల్ రికార్డుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా చిన్న వ్యాపారుల లెక్కలు, పన్ను రిటర్నులు చూసే పనిలో ఉన్నాను. ఏటా పరీక్షలు అయిపోగానే ఉద్యోగం కోసం మా ఆఫీసు మెట్లెక్కే పిల్లలకు మంచి మార్కులుంటాయి, ట్యాలీ సర్టిఫికెట్ ఉంటుంది, పని నేర్చుకోవాలన్న తపన కూడా ఉంటుంది. మూడేళ్లలో ఒక్కసారైనా ఒక దుకాణం బిల్లుల కట్ట విప్పి చూసిన అనుభవం మాత్రం ఉండదు.

కిందటేడు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైన ఒక అమ్మాయికి ఒక కిరాణా దుకాణం నగదు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు ఇచ్చి రెండింటినీ సరిచూడమన్నాను. దుకాణదారు బ్యాంకులో కట్టిన సొమ్మునంతా ఆమె బ్యాంకు ఖాతాకు క్రెడిట్ రాసింది. అడిగితే, "స్టేట్‌మెంటులో క్రెడిట్ అనే ఉంది కదండీ" అంది. మనం సొమ్ము కడితే బ్యాంకు మనకు బాకీ పడుతుంది కాబట్టి తన పుస్తకంలో మన పేరున జమ రాసుకుంటుందని, మన పుస్తకంలో అదే సొమ్ము బ్యాంకు ఖాతాకు డెబిట్ అవుతుందని చెప్పేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నగదు పుస్తకాన్ని బ్యాంకు లెక్కతో సరిచూసే అధ్యాయంలో వచ్చిన లెక్కను పరీక్షలో తప్పు లేకుండా చేసిందట. ఆ పిల్లను తప్పుపట్టలేం. పరీక్షలో తేడాలన్నీ ప్రశ్నలోనే వరసగా ఇచ్చేస్తారు, వాటిని కలపడం తీసేయడమే విద్యార్థి పని. ఆఫీసులో ఆ తేడాలు ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవడమే అసలు పని, దాన్ని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

పాఠ్యాంశాలు పనికిరానివని నేననడం లేదు. కన్‌సైన్‌మెంట్ ఖాతాల అధ్యాయమే తీసుకోండి. ఎక్కడో దూరపు నగరంలోని ఏజెంటుకు సరుకు పంపినట్టు ఊహించుకుని విద్యార్థులు ఆ లెక్కలు చేస్తారు. మా ఊరి మిర్చి యార్డులో రైతు 40 టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చి కమీషన్ వ్యాపారి దగ్గర దించితే, సరుకు అమ్మాక ఆ వ్యాపారి తూకం, ధర, కమీషన్, హమాలీ వేసి రైతు చేతికిచ్చే పట్టీ అచ్చంగా ఆ అధ్యాయంలోని అకౌంట్ సేల్సే, అంటే ఏజెంటు సరుకు యజమానికిచ్చే అమ్మకాల లెక్కే. ఇంట్లో నాన్న జేబులో ఆ పట్టీ రోజూ చూసే పిల్లవాడికి కూడా తాను క్లాసులో చదువుతున్నది దాని గురించేనని తెలియదు. ఒక్కరోజు ఆ పట్టీని తరగతిలోకి తెప్పిస్తే ఆ అధ్యాయం వాడికి జన్మలో మరచిపోయేది కాదు.

కంప్యూటరు వచ్చాక మరో చిక్కు వచ్చింది. డెబిట్, క్రెడిట్ సమానం కాని ఓచరును (పద్దును) సాఫ్ట్‌వేర్ తీసుకోదు కాబట్టి అంకణా (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వలను సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్) ఎప్పుడూ కుదురుతుంది, కుదిరింది గనుక లెక్క సరైనదేనని విద్యార్థి నమ్ముతాడు. చేత్తో రాసే రోజుల్లో 5,400 బదులు 4,500 పడితే 900 తేడా వచ్చేది, అది 9తో భాగింపబడుతోంది కాబట్టి అంకెలు తారుమారయ్యాయని పాత గుమాస్తాలు పట్టేసేవారు. ఇప్పుడు దుకాణానికి కొన్న ఫ్రిజ్‌ను సరుకు కొనుగోళ్లలో వేసినా అంకణా కుదురుతూనే ఉంటుంది. లాభం తగ్గిపోతుంది, ఆస్తి కనబడకుండా పోతుంది, ఎవరూ అడగరు. పైగా తప్పు తెలిస్తే వెనక్కు వెళ్లి పాత ఓచరును మార్చేయడమే పిల్లలకు అలవాటు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదై ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సవరణ పద్దు రాయడం తెలియనివాడు అలాంటి చోట ఏం చేస్తాడు?

ఇక ప్రాజెక్టులు. జిరాక్స్ దుకాణాల్లో తయారుగా దొరికే ప్రాజెక్టుకు అట్ట మీద పేరు మార్చి బైండింగ్ చేయించి ఇస్తున్నామని మా దగ్గరికి వచ్చే పిల్లలే దాచకుండా చెబుతున్నారు. మన రాష్ట్రంలో 2020-21 పాఠ్యక్రమంలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసినప్పుడు నేను ఎంతో సంతోషించాను. కానీ పని చేయకుండా సర్టిఫికెట్ మాత్రం రాసిమ్మని అడిగిన విద్యార్థులను నేనే వెనక్కు పంపాను.

ఉన్నత విద్యామండలికీ, విశ్వవిద్యాలయాల వాణిజ్య శాస్త్ర పాఠ్యప్రణాళికా సంఘాలకూ నా విన్నపం ఇది. ప్రాజెక్టు స్థానంలో ప్రతి విద్యార్థికీ ఒక చిన్న వ్యాపారి ఒక నెల బిల్లులు ఇవ్వండి. వాటి నుంచి చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం), అంకణా చేత్తో రాయించి, ఆ తరువాతే కంప్యూటరులో ఎక్కించమనండి. అమ్మినవారు చూపిన బిల్లుల ఆధారంగా 14వ తేదీన వచ్చే జీఎస్టీఆర్-2బీ పట్టికతో కొనుగోళ్లు సరిచూసి, నెలనెలా రిటర్ను వేసేవారు 20లోగా దాఖలు చేయాల్సిన జీఎస్టీఆర్-3బీ పన్ను రిటర్నుకు అంకెలు తయారు చేయించండి. ఆ కట్టను ఎదురుగా పెట్టుకుని పావుగంట నోటి పరీక్ష పెడితే ఎవరు స్వయంగా చేశారో తెలిసిపోతుంది. వ్యాపారుల గుట్టు బయటపడుతుందన్న భయం సహజమే కాబట్టి పేర్లు, జీఎస్టీ నంబర్లు కొట్టేసిన నకళ్లు ఇస్తే సరిపోతుంది. మా ఖాతాదారులు ఒప్పుకున్న మేరకు అలాంటి నకళ్లు ఏ కళాశాలకైనా ఉచితంగా ఇవ్వడానికీ, శనివారం సాయంత్రాలు వచ్చి పిల్లల పక్కన కూర్చుని చూపించడానికీ నేను సిద్ధంగా ఉన్నాను.

– ఒక పన్ను సలహాదారు, గుంటూరు