ఆకుపచ్చ సిరాలన్నీ ఒక్కటేనా?

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంకు పెన్నుల మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. అందులో నాలుగు ముదురు ఆకుపచ్చ సిరాల ఫొటోలను పక్కపక్కన వేసి, వీటిలో పెద్ద తేడా లేదు గనుక చవకైనది కొనుక్కుంటే చాలునన్న అర్థం వచ్చేలా రాశారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పాఠశాల కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు రాసి పదవీ విరమణ చేసిన నేను ఆ మాటను ఒప్పుకోలేకపోతున్నాను.

ఆ వ్యాసం చదివాక నా దగ్గరున్న నాలుగు బుడ్లను బల్ల మీద పెట్టి, ఒకే పెన్నుతో, ఒక్కో సిరా తర్వాత పాళీని నీళ్లలో కడిగి ఆరబెట్టుకుంటూ, ఒకే వాక్యాన్ని రాసి చూశాను. మా ఊరి స్టేషనరీ దుకాణంలో కొన్న కేమెల్ ఆకుపచ్చ ఒకటి. తక్కిన మూడూ మా అబ్బాయి హైదరాబాదు నుంచి తెచ్చిన జర్మనీ పెలికాన్ 4001 డార్క్ గ్రీన్, జపాన్ పైలట్ కంపెనీ వారి ఇరోషిజుకు షిన్‌ర్యోకు, ఇంగ్లండు డయమీన్ వారి షెర్‌వుడ్ గ్రీన్. బుడ్డిలో ఉండగా చివరి మూడూ ఒకే నల్లటి ద్రవంలా కనిపిస్తాయి. కాగితం మీదికి దిగాక మాత్రం కేమెల్ లేత అరటాకు రంగు తేలింది. షిన్‌ర్యోకు, అంటే జపాను భాషలో ముదురు పచ్చ, నీలం వైపు మొగ్గి నెమలి మెడను గుర్తుకు తెచ్చింది. షెర్‌వుడ్‌లో ముదిరిన మామిడాకు ఛాయ ఉంది. పెలికాన్ ఈ రెంటికీ నడుమ నిలిచింది. రాత్రి ట్యూబులైటు కింద దానికీ షిన్‌ర్యోకుకూ తేడా చెప్పలేకపోయిన నేనే మర్నాడు పొద్దున వీధి అరుగు మీద ఎండలో చూసి రెంటినీ వేరు చేయగలిగాను. ఏ వెలుతురులో తీశారో చెప్పని ఫొటోను చూసి సిరా కొనడం చీకట్లో చీర ఎంచుకోవడం వంటిదే.

రంగు కన్నా ముఖ్యమైనది సిరా నడక. పెలికాన్ 4001 పాళీ నుంచి బిగువుగా దిగుతుంది. ఇరోషిజుకు ధారాళంగా జారుతుంది. నేను వాడేది రాజమండ్రిలో తయారైన రత్నం వారి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను, డ్రాపరుతో సిరా నింపేది. దాని పాళీ అసలే వదులుగా కారుతుంది గనుక దానికి పెలికాన్ చక్కగా అమరింది. అదే పెన్నులో షిన్‌ర్యోకు పోస్తే గీత లావై, ఆరకముందే చెయ్యి తగిలి అలుక్కుపోయింది. సన్న పాళీ ఉన్న మరో పెన్నులో అదే సిరా ఎంత ముచ్చటగా నడిచిందో! పెన్ను పేరు చెప్పకుండా ఇది మంచి సిరా, అది చెడ్డ సిరా అని తేల్చేయడం ఎంతవరకు సబబు?

కాగితం సంగతి తెలుగువారికి మరీ ముఖ్యం. ఇంగ్లీషు అక్షరం కాస్త పాకినా పోల్చుకోవచ్చు. మన లిపిలో సున్నా పూడిపోతే, ఒత్తు పక్క గీతలో కలిసిపోతే, ద ఏదో ధ ఏదో పోల్చుకోలేము. గుండ్రని ఒడియా అక్షరాలకూ ఇదే ఇబ్బంది. మామూలు 70 జీఎస్ఎం జిరాక్సు కాగితం మీద "విద్యార్థి" అని రాసి చూస్తే, ధారాళంగా జారే సిరాతో థ ఒత్తు ఒక చుక్కగా మిగిలింది. పెలికాన్‌తో దాని ఆకారం నిలిచింది. కాగితం సిరాను మరీ పీల్చకుండా తయారీలో కలిపే సైజింగు అనే పదార్థం తక్కువైతే సిరా నారల వెంట పాకుతుంది. కాగితం మిల్లు ఉన్న రాయగడ మాకు పక్క జిల్లాయే అయినా, దుకాణంలో కాగితం కొనేటప్పుడు సైజింగు గురించి అడిగేవారిని నేను చూడలేదు.

మీ వ్యాసం బొత్తిగా వదిలేసిన విషయం నీళ్లు. ఇలాంటి సిరాలు నీళ్లలో కరిగే అద్దకపు రంగులతో తయారవుతాయి. ఆకుపచ్చ కోసం చాలావాటిలో నీలాన్నీ పసుపునూ కలుపుతారు. అద్దుడు కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి, దాని అంచును నీటిలో ముంచి నిలబెడితే, నీరు పైకి ఎగబాకేకొద్దీ ఆ రంగులు విడిపోతాయి. పసుపునూ పచ్చ అనే, ఆకునూ పచ్చ అనే మన భాషకు ఈ చుట్టరికం ముందే తెలుసునేమో! 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా పెంకుటింటి కప్పు లేచి ట్రంకుపెట్టె తడిసినప్పుడు ఇదే ప్రయోగం నా ప్రమేయం లేకుండా జరిగింది. ఒక అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం చేసిన ధ్రువపత్రంలో అచ్చు అక్షరాలు చెక్కుచెదరలేదు, సంతకం ఉన్నచోట మాత్రం నీలం ఒక పక్కకు, పసుపు మరో పక్కకు జారిన మరక మిగిలింది. ఆ మరకను చూపి అదే సంతకమని నమ్మించడానికి నాలుగు నెలలు తిరిగాను. మొన్న నాలుగు నమూనాల మీదా నీటి బొట్లు వేసి చూస్తే, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అన్న తేడాయే గానీ రికార్డుకు పనికివచ్చేలా ఏదీ నిలవలేదు. అటువంటి పనికి నీళ్లలో కరగని రంగుపొడితో చేసిన పిగ్మెంటు సిరా వాడాలి. దాన్ని పెన్నులో ఎండనివ్వకూడదన్న జాగ్రత్త కూడా కొనేవారికి చెప్పాలి.

కనుక ఇకముందు సిరాలను పోల్చి రాసేటప్పుడు ఏ పెన్ను, ఏ కాగితం, ఏ వెలుతురు అన్నవి ఫొటో కిందే ప్రకటించవలసిందిగా మీ విలేకరిని కోరుతున్నాను. పెన్నులో సిరా ఎన్నాళ్లుగా ఉందో కూడా రాయాలి. పది పదిహేను రోజులు వాడకుండా ఉంచిన పెన్నులో నీరు ఆవిరై సిరా చిక్కబడుతుంది గనుక, అప్పుడు రాసిన లేత ఆకుపచ్చ సైతం ముదురుగానే కనిపిస్తుంది. నా నాలుగు నమూనాల కాగితాన్ని, నీటి బొట్లు పడిన చోట్లతో సహా, ఈ ఉత్తరానికి జతపరిచాను.

ఇట్లు,
విశ్రాంత పాఠశాల గుమాస్తా,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా