గణితం సాయంత్రపు తరగతులు: పిల్లలు ఎక్కడి దాకా వచ్చారు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది, పదో తరగతుల పిల్లలకు బడి వేళల తర్వాత జరుగుతున్న గణితం ప్రత్యేక తరగతుల గురించి మీలో చాలామంది అడుగుతున్నందున, ఈ నెల వార్తాలేఖను ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

పదో తరగతి పిల్లలు శ్రేఢులలో బాగా కుదురుకున్నారు. వర్గ సమీకరణాల సూత్రాన్ని తడుముకోకుండా రాస్తున్నారు కానీ, అందులో విలువలు వేసేటప్పుడు ఋణ గుర్తు దగ్గర, భిన్నాలను కలిపేటప్పుడు క.సా.గు. దగ్గర లెక్క తప్పుతోంది. ఇవి కింది తరగతుల్లోనే పట్టు చిక్కవలసిన అంశాలు. అందుకే పిల్లలను తరగతిని బట్టి కాక, ఎవరికి ఏది రాదో దాన్ని బట్టి కూర్చోబెడుతున్నాం. ఎనిమిదో తరగతి వారి పక్కన కూర్చుని భిన్నాలు చేయడం చిన్నతనమేమీ కాదని పెద్ద పిల్లలకు మీరు కూడా చెప్పాలి.

అన్నింటికన్నా ఎక్కువ తికమక దశాంశాల్లో ఉంది, దాని మూలం కొంత మన ఇళ్లలోనే ఉంది. పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి దశాంశాల్లో 2.5 ఎకరాలు. చుక్క తర్వాత గుంటలు చదవడం అలవాటైన పిల్లలు 1.30కి 1.20 కలిపి 3.10 అంటున్నారు, తక్కినవారు 2.50 అంటున్నారు. భూమి లెక్కలో మొదటి జవాబే సరైనది, పరీక్షలో రెండోది. ఈ తేడాను పిల్లలు చేతితో చేసి చూడాలి కనుక, ఇంట్లో పాసుపుస్తకం ముందుపెట్టి రెండు సర్వే నంబర్ల విస్తీర్ణం కలపమనండి, ఆ తర్వాత దాన్ని దశాంశాల్లోకి మార్చమనండి. గుంటల లెక్క తప్పితే మాకంటే ముందు మీకే తెలుస్తుంది.

ఇక హాజరు. పత్తి ఏరే రోజుల్లో మన నల్లగొండ పల్లెల్లో కూలీలు దొరకరన్నది నిజమే, అయినా బడి దినాల్లో పిల్లలను చేన్లకు తీసుకుపోవద్దని కోరుతున్నాను. సరూప త్రిభుజాలు చెప్పిన వారం రాని పిల్లలకు త్రికోణమితి ఎలా అర్థం చేయించాలో తెలియక మా ఉపాధ్యాయులు సతమతమవుతున్నారు.

పక్క ఊళ్ల ఆడపిల్లలు బస్సు దాటిపోతుందని సాయంత్రం తరగతి మధ్యలోనే లేస్తున్నారు. వారికి ఉదయం ప్రార్థనకు ముందు తరగతి పెట్టాలనుకుంటున్నాం. మీ అమ్మాయి ఏ బస్సుకు రాగలదో డైరీలో రాసి శనివారం లోపు పంపితే, దాన్ని బట్టి వేళ నిర్ణయిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు