విద్యాశాఖ కమిషనర్ గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

అయ్యా,

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే మా అబ్బాయి దుప్పటిలోంచి నీలం వెలుగు కనిపించింది. వాడికి పదిహేనేళ్లు. ఫోన్ లాక్కుంటే చేతులు వణికాయి. "ఇంకొక్కటి చూసి పడుకుంటానమ్మా" అన్నాడు. ఆ ఒక్కటికి అంతు ఉండదు. వేలితో జరిపేకొద్దీ కొత్త వీడియో వచ్చేలా తయారుచేశారు ఆ యాప్‌లని. పెద్దవాళ్లమే ఆగలేకపోతున్నాం, పిల్లల్ని ఏమంటాం?

నిద్ర చాలక పొద్దున పాఠం తలకెక్కదు. మార్కులు తగ్గితే ఆ దిగులుతో మళ్లీ ఫోన్‌లోకే పారిపోతాడు. దీన్ని 'క్రమశిక్షణ లోపం' అని స్కూలు డైరీలో రాసి పంపారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఇలాంటిదే అయిన గేమింగ్ వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే జబ్బుల జాబితాలో చేర్చింది కదా!

ఇప్పుడు రాత్రి తొమ్మిదికల్లా అందరి ఫోన్లూ, నాదీ వాళ్ల నాన్నదీ కూడా, హాల్లోనే ఛార్జింగ్ పెడుతున్నాం. నోటిఫికేషన్లు ఆపేశాం. సాయంత్రం వాడితో షటిల్ ఆడుతున్నాను. మొదటి వారం ఇల్లంతా గొడవే. మూడో వారానికి వాడికి కాస్త నిద్ర పట్టింది. కానీ హోంవర్క్ రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో వస్తుంటే మేమేం చేయాలి?

నిషేధం పెట్టమని అడగడం లేదు. పదహారేళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి ఆన్‌లైన్ గేములు ఆడకుండా 2011లో చట్టం తెచ్చిన దక్షిణ కొరియానే 2022లో దాన్ని ఎత్తేసింది. నేను అడిగేది వేరు. హోంవర్క్ బడిలోనే నోట్‌బుక్‌లో రాయించమని ఆదేశాలివ్వండి. పిల్లల మాట తిట్టకుండా వినే కౌన్సెలర్‌ను ప్రతి బడిలో నియమించండి. ఈ విద్యాసంవత్సరంలోనే.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి తల్లి