అది తుక్కు కాదు, నా కారు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో రోడ్ల పక్కన పడి ఉన్న తుక్కు వాహనాల గురించి వార్త వేశారు. దాని పైన పెద్ద ఫొటో. అందులో ఎడమ చివర, కొబ్బరి చెట్టు కింద, సగం జారిన నీలం టార్పాలిన్‌తో కనిపిస్తున్నది నా కారు. తెలిసినవాళ్లు ఫోన్ చేసి పరామర్శించారు. మా ఆవిడ మాత్రం ఆ ముక్క కత్తిరించి దాచుకుంది, ఇన్నాళ్లకు తన మాట పేపరు వాళ్లు కూడా ఒప్పుకున్నారని. అదే రోజు రాద్దామనుకున్నాను. కోపంలో రాసిన మొదటి ఉత్తరం చించేశాను. ఇది రెండోది.

అది 1971లో మొదటిసారి రిజిస్టరైన అంబాసిడర్ మార్క్ 2 ఎస్టేట్. మామూలు అంబాసిడర్‌కు ఉండే డిక్కీ దీనికి ఉండదు. పైకప్పు చివరిదాకా సాగి, వెనక తలుపుతో ముగుస్తుంది. ఆ రోజుల్లో స్టేషన్ వ్యాగన్ అనేవారు. చించినాడ దగ్గర వశిష్ఠ గోదావరి మీద వంతెన లేనప్పుడు ఇలాంటి బండి ఒకటి నది దాటించే పంటు ఎక్కడం చిన్నతనంలో చూశాను. వెనక తలుపు తీస్తే సారె బుట్టలు, అరటి గెల, వాటి మధ్య ఇరుక్కుని ఇద్దరు పిల్లలు. ఆ పిల్లలంటే నాకు ఎంత అసూయో చెప్పలేను. ఆ అసూయ అరవై దాటాక తీర్చుకున్నాననుకోండి.

నా కారు వశిష్ఠ అవతల ఒక రైసుమిల్లు షెడ్డులో దొరికింది. తొంభై వేలు ఇచ్చాను. వెనక భాగంలో కోడి పొదుగుతోంది. తలుపు లోపలి అట్ట విప్పితే దోసెడు తవుడు రాలింది. అడుగు రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా విరిగింది. టింకరింగ్ మేస్త్రి చూసి, “గురువుగారూ, మీరు డబ్బిచ్చి తెచ్చుకున్నారా, తీసుకుపొమ్మని మిల్లువాళ్లే ఇచ్చారా?” అని అడిగాడు. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు వేరే చట్రం ఉండదు, బాడీయే చట్రం. అడుగు పోయిందంటే నడుము పోయినట్టే. మా వైపు ఉప్పు గాలికి కిటికీ ఊచలే నిలవవు, ఇక యాభై ఏళ్ల రేకు సంగతి చెప్పాలా? కుళ్లినంత మేర కోసి 18 గేజ్ రేకు వేసి వెల్డింగ్ చేయించాను. లప్పం పూసి రంగు కొట్టి చేతులు దులుపుకునే మనిషి కాడు మా మేస్త్రి. బిగుసుకుపోయిన 1489 సీసీ ఇంజన్‌కు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో నూనె పోసి వారం నానబెడితే ఎనిమిదో రోజు పొద్దున కదిలింది. షెడ్డులో చోటు చాలక బయట చెట్టు కింద ఉంచితే మీ ఫొటోగ్రాఫర్ వచ్చాడు.

వార్తలో ఒక అధికారి, పదిహేనేళ్లు దాటిన ప్రతి బండీ తుక్కు కేంద్రానికి పోవలసిందేనని సెలవిచ్చారు. అలా ఎక్కడుంది? 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన తరవాత రిజిస్ట్రేషన్ కొనసాగనిది ప్రభుత్వ వాహనాలకు. మనలాంటివాళ్ల సొంత కార్లు ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గి, రుసుము కడితే ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఆ నిబంధన ముందు తమ ఆవరణలోని జీపులకు వర్తింపజేస్తే బాగుండేది. మా మండల కార్యాలయం వెనక ఒక జీపులో రావి మొక్క మొలిచి బానెట్ పైకి వచ్చింది. దాని ఫొటో ఎవరూ వేయరు.

ఇక యాభై ఏళ్లు దాటినవాటి సంగతి వేరు. వాటికి 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో ప్రత్యేక ఏర్పాటు చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా ఉంటే అది వింటేజ్ వాహనం. పాత ఆర్‌సీ, బీమా, రుసుముతో ఫారం 20లో దరఖాస్తు చేయాలి. అరవై రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. కొత్తగా నంబరు తీసుకుంటే రాష్ట్రం అక్షరాల తరవాత ‘వీఏ’ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకుంటే 5,000. రోజువారీ తిరుగుళ్లకు, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో మరమ్మతుకో పెట్రోలుకో తీయవచ్చు. నాకూ అంతే కావాలి. దీనిలో రోజూ సంతకు వెళ్తానని నేనెప్పుడూ అనలేదు.

ఈ నిబంధన ప్రతి తీసుకుని రవాణా కార్యాలయానికి వెళ్లాను. ఏ కార్యాలయమో రాయను, రాస్తే ఉన్న ఫైలు కూడా పోతుంది. “ఇది కారా, వ్యానా?” అని మొదటి ప్రశ్న. ఎస్టేట్ అన్నాను. కంప్యూటర్‌లో అలాంటి రకం లేదు, అంబులెన్స్ అని రాసుకోమంటారా అన్నారు. 1989కి ముందరి పాత పద్ధతి నంబరును ఆ కంప్యూటర్ గడి మింగలేదు. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత రికార్డు అవతలి కార్యాలయంలో ఉంటుందన్నారు. అవతలివాళ్లు మీ చిరునామా ఇవతల కదా అన్నారు. గోదావరి మీద ఎన్ని వంతెనలు కట్టినా ఈ రెండు బల్లల మధ్య మాత్రం ఇంకా పంటు కూడా లేదు.

తరవాత బండిని తెచ్చి చూపమన్నారు. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదు కనక లారీ మాట్లాడి ఎక్కించాను. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ గారు ఏదో పర్యటన బందోబస్తుకు వెళ్లారు. రెండోసారి లారీ మాట్లాడాను. ఈసారి ఆయన ఉన్నారు. అడుగున వంగి చూసి, కొత్త రేకు వేశారు, బాడీ మార్చినట్టే కాబట్టి వింటేజ్ కాదన్నారు. అయ్యా, వెయ్యకముందు తెచ్చి ఉంటే ఏమనేవారు? తుప్పు ఉంటే తుక్కు, తుప్పు తీస్తే మార్పు. చిరిగిన చొక్కాకు మాసిక వేస్తే అది వేరే చొక్కా అవుతుందా?

నేను బయటివాణ్ణి కాదు. ముప్పై రెండేళ్లు కాలువల శాఖలో పనిచేశాను. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు లాకు తలుపులకు గ్రీజు పట్టించి, కుళ్లిన చెక్క మార్పించిన చేయి ఇది. అలా చెక్క మార్చినందుకు అవి పాత లాకులు కావని ఏ అధికారీ అనలేదు. ఇప్పుడు ఆ గ్రీజు కూడా పెట్టడం మానేశారు, అది ఇంకో ఉత్తరం అవుతుంది. రాజమహేంద్రవరంలో హేవలాక్ వంతెన చూడండి. 1900లో తెరిచారు, 1997లో రైళ్లు ఆపేశారు. 2025లో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టు పేరుతో శంకుస్థాపన జరిగింది, సంతోషం. మధ్యలో ఆ ఇరవై ఎనిమిదేళ్లు దాన్ని కాపాడింది ఎవరంటే, పాత ఇనుము గట్టితనం తప్ప మరెవరూ కాదు. నా కారు రేకుకు అంత ఓపిక లేదు.

దరఖాస్తు అందినట్టు ఇచ్చిన రసీదు నా దగ్గర ఉంది. దాని మీద తేదీ నుంచి ఈ రోజుకు నూట నలభై రెండు రోజులు. కాదంటే ఏ నిబంధన కింద కాదో రాసి ఇమ్మని మూడుసార్లు అడిగాను. నోటితో అయితే ఎన్నిసార్లయినా కాదంటారు, కాగితం మీద మాత్రం పెట్టరు. మీ విలేకరి ఒక్కసారి ఆ బల్ల దగ్గరకు వెళ్లి ఇదే ప్రశ్న అడిగితే మేలు.

మరొకటి. మీ వార్త వచ్చిన మర్నాడే ఎవరో వచ్చి కారు ముందు అద్దానికి, వారంలో తొలగించాలని నోటీసు అంటించి పోయారు. జిగురు ఇంకా వదలలేదు. ఈ ఉత్తరం మొత్తం వేయడానికి జాగా లేకపోతే సవరణ ఒక్కటైనా వేయండి: ఫొటోలో ఎడమ చివర ఉన్నది తుక్కు కాదు, యజమాని ఉన్నాడు, దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ ముక్క కత్తిరించి నోటీసు పక్కన అంటించుకుంటాను.

ఇట్లు,
కాలువల శాఖ విశ్రాంత ఉద్యోగి,
గోదావరి డెల్టా