మా వయసు వాళ్ల చర్మం గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆదివారం వచ్చే అందం పేజీ ఏళ్ల తరబడి చదువుతున్నా, మొటిమలు, పెళ్లికూతురి ఫేషియల్, టమాటా గుజ్జు ఇవే తిప్పి తిప్పి వేస్తారు గానీ నెలసరి ఆగిపోయిన వాళ్ల చర్మం ఏమవుతుందో ఒక్కసారి కూడా చూడలేదు, 50 దాటితే మాకు ఒళ్లే ఉండదనుకుంటారేమో మరి. కోపంతో కాదు లెండి, నాకు జరిగింది చెబితే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నా.

నాకు 41 ఏళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేశారని తర్వాతెప్పుడో కాగితాలు చూస్తే తెలిసింది, అప్పుడు విడమర్చి చెప్పినవాళ్లు లేరు. మామూలుగా అయితే అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ కొన్నేళ్ల మీద మెల్లగా తగ్గుతుంది, అండాశయాలు తీసేస్తే ఒక్కసారిగా పడిపోతుంది. ఏడాది తిరక్కముందే పిక్కల మీద గోరుతో గీస్తే పలక మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత పడేది, రాత్రి పడుకుంటే ఒంటి మీద చీమలు పాకుతున్నట్టు ఉండేది, లైటేసి చూస్తే ఏమీ లేవు. మా అత్తయ్య "వేడి చేసిందే, మజ్జిగ తాగు" అనేది, నేనూ అంతే అనుకున్నా.

అన్నిటికంటే దురద లంగా బొందు కట్టే చోట. మెడికల్ షాపులో అడిగితే ఆ అబ్బాయి చూడనుకూడా చూడలేదు, "తామరేనమ్మా" అని ఒక ట్యూబ్ చేతిలో పెట్టాడు. రెండు రోజుల్లో దురద మాయం, అబ్బ ఎంత మంచి మందు అనుకున్నా, మానేస్తే మూడో రోజుకి మళ్లీ రెండింతలు, మళ్లీ రాయడం, ఇలా నాలుగు నెలలు. చివరికి అక్కడ చర్మం ఉల్లిపొరలాగా అయిపోయి కింద నరాలు కనిపించాయి. గుంటూరులో స్కిన్ డాక్టర్ దగ్గరికెళితే అందులో స్టీరాయిడ్ ఉందన్నారు, అసలే ఈ వయసులో పల్చబడే చర్మాన్ని అది ఇంకా పల్చన చేస్తుందట. ఇలాంటి స్టీరాయిడ్ క్రీములు చాలావాటిని 2018లోనే డాక్టర్ చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారట, మా వీధిలో మాత్రం ఇప్పటికీ అడగ్గానే ఇస్తారు.

ఆ డాక్టరమ్మ ముందు షుగరు, థైరాయిడ్ టెస్టులు రాసింది, వాటివల్ల కూడా దురద వస్తుందట. నెలసరి ఆగిన మొదటి 5 ఏళ్లలోనే చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ 30 శాతం దాకా పోతుందని, నూనె గ్రంథులు కూడా నీరసిస్తాయని అప్పుడే మొదటిసారి విన్నా. ఆవిడ చెప్పినవి ఖరీదైనవేం కాదు. సలసల కాగే నీళ్లు వద్దు, గోరువెచ్చటి నీళ్లు పది నిమిషాలు చాలు, సబ్బు చంకలకీ గజ్జలకీ పాదాలకీ చాలు ఒళ్లంతా రుద్దక్కర్లేదు, తుడుచుకున్నాక ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ వాజిలీన్ గానీ రాయాలి. నాకు కష్టంగా అనిపించింది సున్నిపిండి మానడం, నూనె పట్టించి మళ్లీ పిండితో గరగరా రుద్ది ఆ నూనంతా నేనే ఊడ్చేస్తున్నానన్నమాట ఇన్నాళ్లూ! ఎండాకాలం డాబా మీద మిర్చి ఆరబోసేటప్పుడు కూడా సన్‌స్క్రీన్ రాయమంది, ట్యూబ్ మీద ఎస్పీఎఫ్ (ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 అని ఉంటే చాలంది, మా ఆయన నవ్వారు గానీ మంగు మచ్చలు ముదరడం ఆగింది. లంగా బొందు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకున్నా, దానికే సగం నయం. గడ్డం కింద మొలిచే నాలుగు వెంట్రుకలు కూడా ఈ హార్మోన్ల పనేనట, సిగ్గుపడి దాచుకునేదాన్ని.

ఇది నా ఒక్కదాని గోల కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం అయితే ఆంధ్రాలో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. అంటే మీ పేపర్ చదివే ఆడవాళ్లలో ఎంతమంది 40 లోపే ఈ స్థితికి వచ్చారో మీరే లెక్కేయండి. హార్మోన్ మాత్రలు ఎవరికి పనికొస్తాయో ఎవరికి పనికిరావో, టీవీలో ఊదరగొడుతున్న కొలాజెన్ పొడులు కొనొచ్చో లేదో ఒక గైనకాలజిస్టునీ స్కిన్ డాక్టర్నీ కూర్చోబెట్టి అడిగి వేయండి, పక్కన క్రీముల యాడ్ మాత్రం పెట్టకండి దయచేసి.

మా వదిన మెడ మీద ఇంకా ఆ ట్యూబే రాస్తోంది. నేను చెబితే "నీకు పడలేదు, నాకు పడుతోంది" అంటుంది, పేపర్లో పడితే వింటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, తెనాలి